చోడి, రాగి, మాండియా: రాయగడలో ఒక పిండి వ్యాపారానికి తక్కువ ఖర్చుతో మార్కెట్ సమాచారం సేకరించిన తీరు

2024 నవంబరు చివరి వారంలో ఇద్దరు తోడికోడళ్లు రాయగడలోని నా గదికి వచ్చారు. పెద్ద కోడలి చేతిలో ఉన్న ఫైలులో యంత్రాల కొటేషన్లు మూడు, 9,50,000 రూపాయల ప్రాజెక్టు అంచనా ఒకటి ఉన్నాయి. చోడి (అంటే రాగి, ఒడియాలో మాండియా) పిండి, మొలకెత్తిన చోడితో మాల్ట్ తయారుచేసి ప్యాకెట్లలో అమ్మాలన్నది వారి సంకల్పం. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద మహిళలకు గ్రామీణ ప్రాంతంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం మార్జిన్ మనీ, అంటే ప్రభుత్వ రాయితీ, లభిస్తుంది కాబట్టి, పురపాలక పరిధి దాటిన తరువాత ఉన్న ఒక గ్రామంలో షెడ్డు కూడా చూసుకున్నారు. స్వంత వాటాగా పెట్టవలసిన 5 శాతం సొమ్ము చేతిలో ఉంది. అంచనాలో ఖాళీగా మిగిలినది ఒక్క పేజీ మాత్రమే. దాని శీర్షిక ‘మార్కెట్ సామర్థ్యం’.

ఆ పేజీ నింపడానికి ఒక నగర సలహా సంస్థ 60,000 రూపాయలు, మూడు నెలల గడువు అడిగిందట. “అన్నయ్యా, సర్వే లేకపోతే బ్యాంకు వాళ్లు ఒప్పుకోరా? అంత డబ్బు సర్వేకే పోస్తే మాకు చోడి కొనడానికి ఏం మిగుల్తుంది?” అని చిన్న కోడలు అడిగింది. ఒడిశాలోని ఈ దక్షిణ జిల్లాలలో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తూ, ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేస్తూ ఉన్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే గతంలో నేను దానికి ఇచ్చిన జవాబు సరైనది కాదు. కొన్నేళ్ల క్రితం విస్తరాకుల యంత్రం పెట్టిన ఒక కుటుంబానికి రిపోర్టు రాస్తూ, ‘ఈ ప్రాంతంలో గిరాకీ విస్తారంగా ఉన్నది’ అనే వాక్యాన్ని మరొక రిపోర్టు నుంచి తెచ్చి అతికించాను. అప్పు మంజూరైంది. పద్నాలుగు నెలలకు యంత్రం ఆగిపోయింది. అప్పు మాత్రం ఆగలేదు. అప్పటినుంచి ఆ పేజీని ఊహతో నింపకూడదని నిర్ణయించుకున్నాను. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం కూడా అదే. సమాచారం కొనలేని వ్యాపారికి ఊహ ఒక్కటే శరణ్యం కాదని, ఉచితంగా దొరికే వివరాలనూ స్వయంగా లెక్కించిన వివరాలనూ కలిపితే నిర్ణయానికి సరిపడేంత తెలుస్తుందని ఈ నాలుగు నెలల పని నాకు చూపింది.

ముందుగా తేల్చుకున్న ప్రశ్న

మొదటి రోజు మేము ఏ వెబ్‌సైటూ తెరవలేదు. ‘చోడి ఉత్పత్తులకు మార్కెట్ ఉందా’ అనే ప్రశ్నకు ఎవరైనా ఉందనే చెబుతారు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత ఆ మాటకు అడ్డు చెప్పేవారే లేరు. అటువంటి జవాబుతో ఏ నిర్ణయమూ మారదు. అందువల్ల నెలనెలా తప్పని ఖర్చులను ముందు లెక్కవేశాము. మార్జిన్ మనీ మూడేళ్లపాటు బ్యాంకులో విడిగా ఉంటుంది కాబట్టి అది చేతికి వచ్చే సొమ్ము కాదు. మిగిలిన అప్పు మీద వాయిదా, ఒక కూలీ, కరెంటు, షెడ్డు అద్దె కలిపి నెలకు సుమారు 26,000 రూపాయలు తేలింది. వారి అంచనా ప్రకారం కిలోకు మిగిలేది 32 రూపాయలు. అంటే నెలకు 812 కిలోలు అమ్మితేనే ఇంట్లోకి ఒక్క రూపాయి రాకపోయినా యంత్రం తిరుగుతుంది.

అప్పుడు చిన్న కోడలు తన నోటుపుస్తకం మొదటి పేజీలో ఇలా రాసుకుంది: ‘నెలకు 800 కిలోలు కొనేవాళ్లు ఎవరు? వాళ్లు ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు? ఏ పేరుతో అడుగుతున్నారు? ఎంత ప్యాకెట్టు, ఏ ధరకు?’ ఇకమీదట ఏ సమాచారం వెతికినా, అది ఈ నాలుగింటిలో ఒకదానికి జవాబు చెప్పాలి, లేకపోతే దానికోసం గంట కూడా వెచ్చించకూడదు అని నియమం పెట్టుకున్నాము. ఈ నియమం లేకపోతే ఉచిత సమాచారమే అన్నిటికంటే ఖరీదైనది అవుతుంది, ఎందుకంటే అది నెలల తరబడి సమయాన్ని తినేస్తుంది.

ఉచితంగా దొరికినవి, అవి ఎంతవరకు పనికివచ్చాయి

2011 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్కుతో మొదలుపెట్టాము. ప్రతి జిల్లాకూ ఇది రెండు భాగాలుగా ఉచితంగా దొరుకుతుంది. ఒకటి గ్రామాలు, పట్టణాలలోని సదుపాయాల పట్టిక, రెండవది జనాభా సంగ్రహం. రాయగడ జిల్లా జనాభా అప్పుడు 9 లక్షల 67 వేల పైచిలుకు, పట్టణ జనాభా సుమారు 71 వేలు. వార్డుల వారీగా ఇళ్ల సంఖ్య కూడా అందులో ఉంది. ఇబ్బంది ఏమిటంటే 2021లో జరగవలసిన జనగణన జరగలేదు, తరువాతి జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో ఉంది. ఈ మధ్య కాలపు పెరుగుదలను అంచనా వేయడానికి పోలింగ్ కేంద్రాల వారీగా ప్రచురించే ఓటర్ల సంఖ్యను వాడుకున్నాము. ఏ వార్డులు పెరిగాయో, ఏవి ఉన్నచోటనే ఉన్నాయో చెప్పడానికి అది చాలినంత నమ్మదగినది.

జనగణనలోనే సీ-16 అనే పట్టిక ఉంది. జిల్లాలో ఎవరి మాతృభాష ఏది అనే లెక్క అది. మన సరిహద్దు జిల్లాలలో వ్యాపారం చేసేవారు దీనిని తప్పక చూడాలని నా అభిప్రాయం. ఒడియా, కుయి, కువి, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఒకే వీధిలో ఉండే చోట ప్యాకెట్టు మీద ఏ లిపి ముద్రించాలన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. ఈ పట్టిక విలువ ఎంతటిదో మాకు తరువాత పిండి మిల్లు దగ్గర అర్థమైంది.

కుటుంబాల ఖర్చు గురించి కేంద్ర గణాంక శాఖ చేసే గృహ వినియోగ వ్యయ సర్వేను తెరిచాము. 2023-24 సర్వే ప్రకారం దేశంలో తలసరి నెలసరి వ్యయం గ్రామాలలో 4,122 రూపాయలు, పట్టణాలలో 6,996 రూపాయలు. ఆహారం వాటా గ్రామాలలో దాదాపు 47 శాతం, పట్టణాలలో దాదాపు 40 శాతం. ఈ అంకెలు రిపోర్టులో అందంగా కనిపిస్తాయి, బ్యాంకు అధికారికి కూడా నచ్చుతాయి. మా ప్రశ్నకు మాత్రం అవి దూరంగానే నిలిచిపోయాయి. ఈ సర్వే రాష్ట్రాన్ని ఒక ముద్దగా చూస్తుంది. కటక్, పూరీ వంటి తీరప్రాంతంలో వరి తినే ఇంటినీ, బిస్సంకటక్ కొండల్లో చోడి అంబలి తాగే ఇంటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ రెండు ఇళ్లలో ఏ ఒక్కదానిదీ కాదు. జిల్లా స్థాయికి దించి వాడుకోవడానికి అందులోని నమూనా చాలదు కూడా. అందుచేత ఆహారం మీద పట్టణ కుటుంబం ఎంత ఖర్చు పెట్టగలదన్న హద్దు తెలుసుకోవడానికి మాత్రమే దాన్ని ఉంచుకున్నాము.

ముడిసరుకు ధర విషయంలో పరిస్థితి మెరుగ్గా ఉంది. 2024-25కు కేంద్రం ప్రకటించిన చోడి మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు. తోడికోడళ్లు మాత్రం తమ అంచనాలో కిలో 30 రూపాయలకు దొరుకుతుందని రాసుకున్నారు. అది ఎవరో ఎప్పుడో చెప్పిన ధర. ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో ఏడు జిల్లాలలో మొదలైంది, వాటిలో రాయగడ ఒకటి. గిరిజనాభివృద్ధి సహకార సంస్థ ద్వారా రైతుల దగ్గర మద్దతు ధరకు కొనుగోలు జరుగుతున్నప్పుడు, మంచి గింజను 30 రూపాయలకు ఇచ్చే రైతు ఎందుకుంటాడు? ఈ ఒక్క అంకె సరిచేయడంతోనే వారి లాభం లెక్క చాలా తగ్గింది. వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలు చూపే అగ్‌మార్క్‌నెట్‌లో వరి, మొక్కజొన్నలకు దొరికినంత వరుసగా మా పరిసరాల చోడికి దొరకలేదు. అసలు సరుకు చేతులు మారేది వారపు సంతలలో కాబట్టి అది సహజమే.

చాటికోనలో బుధవారం జరిగే సంతకు రెండు సార్లు వెళ్లాము. అక్కడ కొలత కిలో కాదు, మాణం. రాశిగా పోసి కొలిస్తే ఒక బరువు వస్తుంది, అంచుకు సమంగా గీసి కొలిస్తే మరొకటి వస్తుంది. మేము చేతి తక్కెడ తీసుకెళ్లి, కొన్న ప్రతి కొలతనూ తూచి రాసుకున్నాము. ఆ లెక్కన కిలో 34 నుంచి 38 రూపాయల మధ్య పడింది. అయితే రాళ్లు, మట్టి, తాలు ఏరివేస్తే తరుగు ఎంతో కూడా తూచి చూసినప్పుడు శుభ్రమైన గింజ ఖరీదు మద్దతు ధరకు దగ్గరగానే వచ్చింది. కొండ మీదనుంచి గంప నెత్తిన పెట్టుకుని దిగివచ్చిన మనిషి దగ్గర కొలతలో లాగి మిగుల్చుకోవడం వ్యాపార ప్రణాళిక కాకూడదని పెద్ద కోడలే అన్నది. ముడిసరుకు ధరను 44 రూపాయలుగా ఖాయం చేశాము.

సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం వెబ్‌సైటులో ఉన్న నమూనా ప్రాజెక్టు నివేదికలు, తయారీ పుస్తకాలు యంత్రాల విషయంలో బాగా ఉపయోగపడ్డాయి. జాతీయ ఆహార సాంకేతిక సంస్థలు తయారుచేసిన ఈ పుస్తకాలు ఎవరైనా దింపుకోవచ్చు. వాటితో పోల్చి చూస్తే మూడు కొటేషన్లలో ఒకటి అవసరానికి మించిన యంత్రమని తేలింది. గంటకు 40 కిలోలు విసిరే యంత్రం రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు తిరిగితే 8,000 కిలోలు అవుతుంది. పట్టణంలోని సుమారు 16 వేల ఇళ్లలో పదింట ఒక ఇల్లు నెలకు కిలో చొప్పున కొన్నా 1,600 కిలోలే. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసినప్పుడు గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రం, జిల్లా పరిశ్రమల కేంద్రం, ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ ప్రచురించే జిల్లా పారిశ్రామిక వివరణ కూడా చూశాము. వాటి గురించి ఎక్కువ రాయవలసింది లేదు. మనుషుల్ని కలవడానికి దారులుగా పనికివచ్చాయి.

లక్షలు ఖరీదు చేసే ‘భారత చిరుధాన్యాల మార్కెట్’ వంటి నివేదికల ఉచిత సారాంశాలు కూడా చదివాము. అందులో ఉండేది దేశం మొత్తం వృద్ధి రేటు, పెద్ద కంపెనీల పేర్లు. అవి తప్పు అని నేను అనడం లేదు. దేశమంతటా సరుకు పంపే కంపెనీకి వాటి అవసరం ఉంటుంది. రాయగడ బస్టాండు దగ్గరి కిరాణా కొట్లో ఏ ప్యాకెట్టు కదులుతున్నదో వాటిలో ఉండదు, ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

కొట్ల అరలు చెప్పిన సంగతులు

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ నేర్పింది తారీఖుల పుస్తకం. పట్టణంలోనూ జేకేపూర్ కాగితపు మిల్లు కాలనీ పరిసరాల్లోనూ కలిపి 22 కిరాణా, మందుల కొట్లను ఎంచుకున్నాము. ప్రతి పది రోజులకు ఒకసారి వెళ్లి, అక్కడున్న ప్రతి రాగి, చోడి ప్యాకెట్టు మీద ముద్రించిన తయారీ తేదీ, బ్యాచి నంబరు, ధర, బరువు చిన్న కోడలు రాసుకునేది. ఏదో ఒక చిన్న వస్తువు కొని మరీ చూసేది కాబట్టి కొట్టువాళ్లకు విసుగు కలగలేదు. పది రోజుల తరువాత అదే బ్యాచి అక్కడే ఉంటే ఆ సరుకు కదలనట్టు. కొత్త తేదీ వస్తే కదిలినట్టు. మొదటి లెక్క తరువాత ఇలా నాలుగు విడతలు తిరిగేసరికి ఎవరినీ ఏమీ అడగకుండానే ఒక చిత్రం ఏర్పడింది. కిలో పిండి ప్యాకెట్లు 22 కొట్లలో 17 చోట్ల నలభై రోజులు కదలలేదు. 200 గ్రాముల మాల్ట్ ప్యాకెట్లు మాత్రం మందుల కొట్లలోనూ, కాలనీ వైపు కొట్లలోనూ రెండేసి, మూడేసి సార్లు మారాయి.

ప్యాకెట్టు మీద ఉండే 14 అంకెల ఆహార భద్రతా సంఖ్య కూడా సమాచారమే. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తరువాతి రెండు అంకెలు రాష్ట్రం. అంటే పోటీదారు పెద్దవాడా, మనలాంటి వాడా, సరుకు ఏ రాష్ట్రం నుంచి వస్తున్నది అనేవి అరముందు నిలబడే తెలుసుకోవచ్చు. కదులుతున్న మాల్ట్ ప్యాకెట్లలో ఎక్కువ భాగం రాష్ట్రం బయటివి. స్వయం సహాయక సంఘాల మహిళలు మిల్లెట్ మిషన్ సాయంతో చేసిన పిండి కూడా రెండు చోట్ల ఉంది. పిండి విషయంలో వారితో పోటీపడటం అనవసరమని, కుదిరితే వారి దగ్గరే శుభ్రం చేసిన గింజ కొనవచ్చని అప్పుడే అనుకున్నాము.

కొట్టు యజమానులతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాము. ‘ఇది అమ్ముడుపోతుందా?’ అని అడిగితే మొహమాటానికి అవునంటారు. దానికి బదులు, “షావుకారు గారూ, కిందటిసారి ఎన్ని ప్యాకెట్లు దించుకున్నారు? ఎప్పుడు దించుకున్నారు? పాతబడినవి వెనక్కి తీసుకున్నారా?” అని అడిగాము. ఒక పెద్దాయన బిల్లు పుస్తకమే తీసి ముందు పెట్టారు. వినియోగదారులతోనూ అదే పద్ధతి పాటించాము. ‘మేము చేస్తే కొంటారా’ అన్న ప్రశ్నకు మన ఊళ్లలో ఎవరూ ముఖం మీద కాదనరు. ‘కిందటి నెలలో చోడి ఏ రూపంలో ఇంటికి వచ్చింది, ఎక్కడినుంచి, ఎంతకు’ అనేదానికి నిజమైన జవాబు వస్తుంది.

పిండి మిల్లు దగ్గర నాలుగు పూటలు

ఒక డిగ్రీ కళాశాలలో కామర్సు చదివే నలుగురు విద్యార్థులను రెండు రోజులకు పనిలో పెట్టుకున్నాము. వారిలో ఇద్దరికి కువి వచ్చు, అందరికీ ఒడియా, తెలుగు వచ్చు. మరో రెండు రోజులు మేమే కూర్చున్నాము. మూడు పిండి మిల్లుల దగ్గర, రెండు ఆదివారాలు, రెండు మామూలు రోజులు, ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా వచ్చినవారిని లెక్కించాము. 212 మంది వచ్చారు. వారిలో చోడి విసిరించుకున్నవారు 57 మంది. ఆ 57 మందిలో 44 మంది తెచ్చిన గింజ కొన్నది కాదు. సొంత పొలంలో పండినదో, ఊరినుంచి బంధువులు పంపినదో.

తోడికోడళ్ల మొదటి ప్రణాళికకు ఆధారం ‘ఈ జిల్లా అంతా చోడి తింటుంది’ అన్న నమ్మకం. ఆ నమ్మకం నిజమే. తినేవారు కొనేవారు కాదన్నది మిల్లు దగ్గర కనబడింది. పండించుకునే ఇల్లు విసురుకూలి ఇచ్చుకుని పిండి చేసుకుంటుంది తప్ప ప్యాకెట్టు కొనదు. జిల్లా జనాభాను 9 లక్షల 67 వేలుగా తీసుకుని శాతాలు వేసి ఉంటే ఈ తేడా ఎన్నటికీ కనిపించేది కాదు.

అక్కడే మరొక సంగతి బయటపడింది. విద్యార్థులకు ఇచ్చిన కాగితం మీద ‘చోడి’ అని నేను రాశాను. మొదటి రోజు సాయంత్రం ఒక అమ్మాయి వచ్చి, “సార్, పేరును బట్టి మనిషి మారిపోతున్నారు, మరో రెండు గడులు వేయాలి” అన్నది. ఆమె గమనించినది ఇది. మాండియా అని అడిగేవారు జావకూ, పిఠాలనే పిండివంటలకూ పిండి కావాలనుకునే ఒడియా కుటుంబాలవారు. చోడి అనేవారు మన ఉత్తరాంధ్ర మూలాలున్న ఇళ్లలోని పెద్దవారు, వారికి కావలసింది అంబలి పిండి, అది కిలో ఎంతకు వస్తుందన్నదే వారి ప్రశ్న. రాగి అనేవారు వేరు. చక్కెర వ్యాధి వచ్చిన తరువాత వైద్యుడు చెప్పగా మొదలుపెట్టినవారు, చిన్నపిల్లల తల్లులు, రైల్వే ఉద్యోగులు, మిల్లు కాలనీ వారు. వారు కిలో ధర అడగరు, చక్కెర కలిపారా లేదా అని అడుగుతారు. గింజ ఒకటే, అడిగే పేరును బట్టి కొనే వస్తువు, ఇచ్చే ధర, వెళ్లే కొట్టు మారిపోతున్నాయి. రెండవ రోజునుంచి కాగితం మీద మూడు గడులు వేశాము. ఆ అమ్మాయి మాట లేకపోతే నేను ఆ ముగ్గురినీ కలిపి ఒకే అంకెగా రిపోర్టులో రాసేవాణ్ని.

పట్టణంలో టిఫిన్ కొట్లు, పిండి మిల్లులు ఎన్నింటికి ట్రేడ్ లైసెన్సు ఉందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టాము. చట్టం ప్రకారం 30 రోజుల గడువు ఉంటుంది, మాకు 28వ రోజున జవాబు వచ్చింది. లైసెన్సు లేని తోపుడుబండ్లు అందులో ఉండవు కాబట్టి వాటిని కాలినడకన లెక్కించాము. వేసవిలో అంబలి అమ్మే బండ్లవారు పిండి కొంటారేమో అన్న ఆశ ఈ లెక్కతో పోయింది. వారు సంతలో గింజ కొని తామే విసిరించుకుంటున్నారు.

120 ప్యాకెట్ల పరీక్ష

2025 ఫిబ్రవరిలో ముందుగా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ చేయించాము. అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలు ఉండే చిన్న తయారీదారుకు దాని రుసుము ఏడాదికి 100 రూపాయలే ఉండేది. పరీక్షగా అమ్మేదానికి ఇవన్నీ ఎందుకని కొందరు అంటారు. తినే వస్తువు విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను.

తరువాత చక్కెర లేని మాల్ట్ 200 గ్రాములవి 72 ప్యాకెట్లు, 500 గ్రాములవి 48 ప్యాకెట్లు తయారుచేసి ఎనిమిది కొట్లలో పెట్టాము. ఒకవైపు ఒడియాలో మాండియా అని, మరొకవైపు తెలుగులో రాగి అని ముద్రించాము. చిన్న ప్యాకెట్టు అమ్మకం ధర 40 రూపాయలు, కొట్టుకు 33. పెద్దది 90, కొట్టుకు 75. నాలుగు వారాలలో చిన్నవి 61, పెద్దవి 19 అమ్ముడుపోయాయి. ఎక్కువ లాభం పెద్ద ప్యాకెట్టులో ఉంటుందని మేము అనుకున్నది నిలవలేదు. మొదటిసారి కొనేవాడు 40 రూపాయలు పెట్టి చూస్తాడు, 90 పెట్టడు. ఎనిమిది కొట్లలో ఐదు తమంతట తామే మళ్లీ అడిగాయి. నా దృష్టిలో 61 అన్న అంకె కంటే ఈ ఐదు ముఖ్యమైనది.

ఖర్చు లెక్క ఇక్కడే చెప్పాలి. పోటీ ప్యాకెట్లు కొనడానికి 1,380, విద్యార్థులకు మనిషికి రోజుకు 350 చొప్పున 2,800, బస్సు, ఆటో ఛార్జీలు 1,640, దరఖాస్తు, తపాలా, జిరాక్సులకు 230, పరీక్ష ప్యాకెట్లకు గింజ, కవర్లు, లేబుళ్లు, వేయించిన కూలి కలిపి 5,150. మొత్తం 11,200 రూపాయలు. ప్యాకెట్ల అమ్మకం మీద తిరిగి వచ్చినది 3,438 కాబట్టి నికరంగా 7,762 రూపాయలు పడింది. చిన్న కోడలి తిరుగుడు, నా సమయం ఇందులో లేవు. వాటికి కూడా విలువ ఉంది కాబట్టి ఇది చవక అని చెప్పేటప్పుడు ఆ మాట దాచకూడదు.

నిర్ణయం, ఆ తరువాత

మార్చి ఆఖరున మళ్లీ అదే గదిలో కూర్చున్నాము. పరీక్ష ఫలితాలను పట్టణంలోని మిగిలిన కొట్లకు విస్తరింపజేసి, మళ్లీ కొనేవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే నెలకు 120 నుంచి 160 కిలోలకు మించి రాలేదు. 812 కిలోలకు అది చాలా దూరం. 9,50,000 రూపాయల దరఖాస్తు పెట్టవద్దని చెప్పాను. పెద్ద కోడలికి బాధ కలిగింది. షెడ్డుకు ఇచ్చిన అడ్వాన్సులో కొంత పోతుంది, పైగా 3,32,500 రూపాయల రాయితీ చేతిదాకా వచ్చి వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కానీ రాయితీ కోసం అప్పు పెంచితే, రాయితీ కలిసేలోపు మూడేళ్ల వాయిదాలు ఎవరు కట్టాలన్నది ఆమె తానే వేసుకున్న ప్రశ్న.

పిండి ఆలోచన వదిలేశారు. ఇంటి వెనుక గదిలో చిన్న విసురు యంత్రం, వేయించే డ్రమ్ము, సీలు వేసే యంత్రం పెట్టి, సంఘం అప్పు, స్వంత డబ్బు కలిపి 1,85,000 రూపాయలతో మే నెలలో మాల్ట్ ఒక్కటే మొదలుపెట్టారు. మే, జూన్‌లలో నెలకు 150 కిలోలకు పైగా అమ్మారు.

జూలై చివర మా పనిలోని లోపం బయటపడింది. మేము పరీక్ష జరిపింది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఎండలు ముదురుతున్నప్పుడు చలువ చేస్తుందని రాగి జావ తాగేవారు వానాకాలంలో తగ్గిపోతారు. ఆగస్టులో అమ్మకం 95 కిలోలకు పడిపోయింది. దానికితోడు తేమకు గడ్డకట్టిన ప్యాకెట్లు రెండు కొట్లనుంచి తిరిగివచ్చాయి. ఇతరుల ప్యాకెట్ల తయారీ తేదీలు నలభై రోజులు రాసుకున్న మేము, మన ప్యాకెట్టు వానలో ఎన్నాళ్లు నిలుస్తుందో ఒక్కటి కూడా దాచిపెట్టి చూడలేదు. ఈ తప్పు నాది. పరీక్ష రెండు రుతువులలో జరగాలని, కనీసం పది ప్యాకెట్లను కొట్లో ఉండే పరిస్థితుల్లోనే మూడు నెలలు ఉంచి తెరచి చూడాలని ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతివారికీ మొదటిరోజే చెబుతున్నాను. కవరు మందం పెంచి, గింజ ఆరబెట్టే సమయం పెంచిన తరువాత సెప్టెంబరునుంచి ప్యాకెట్లు తిరిగిరాలేదు. దానివల్ల ప్యాకెట్టుకు ఖర్చు రూపాయికి పైగా పెరిగింది. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు అయినందున కొత్త పంటనుంచి ముడిసరుకు కూడా పెరుగుతుంది. 40 రూపాయల ధర నిలుపుకోవాలా, 45 చేయాలా అన్నది వారి ముందున్న ప్రశ్న. దీనికి రెండు కొట్లలో 45కు, రెండు కొట్లలో 40కి పెట్టి ఆరు వారాలు చూడమని చెప్పాను.

చిన్న కోడలు ఈ మధ్య రెండు ఆదివారాలు రైలెక్కి పార్వతీపురం వెళ్లివచ్చింది. అక్కడ 14 కొట్ల తారీఖులు రాసుకుంది. అక్కడివారు ఎక్కువమంది చోడి అనే అంటున్నారట, కానీ మందుల కొట్లలో రాగి అంటున్నారట. మూడవసారి వెళ్లేలోపు బ్యాచీలు మారాయో లేదో తెలియదు కాబట్టి లేబులు ముద్రణ ఇంకా ఆపి ఉంచారు.